గట్టు మీదున్న మనిషినే అడగలేదు

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది అమలాపురం దగ్గర ఒక ఊరు. డిగ్రీ సెకండియర్ చదువుతున్నాను. అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఏడేళ్లవుతోంది, నేను నాన్న, నాన్నమ్మ దగ్గర ఉంటాను. అమ్మమ్మ, మావయ్య వాళ్లది గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామం.

మా లెక్చరర్ గారు ఒక వారంపాటు రోజూ ఏం చూశామో, ఏం చదివామో, ఏం విన్నామో రాత్రికి నోట్సులో రాసుకురమ్మన్నారు. మొదటి రోజు రాత్రి ఫోన్ సెట్టింగ్స్‌లో చూస్తే 5 గంటల 50 నిమిషాలు అని ఉంది, 143 సార్లు అన్‌లాక్ చేశానట. ఇన్‌స్టా ఒక్కటే రెండున్నర గంటలు. సరే ఆ రెండున్నర గంటల్లో ఏం చూశానో రాద్దామని పెన్ను పట్టుకుంటే రెండే గుర్తొచ్చాయి మేడమ్, ఒకటి ఎవరో కుండలో పులస పులుసు పెడుతున్నది, రెండోది కాలువలో పడ్డ కుక్కపిల్లని పైకి తీసింది. ఇంకేమీ గుర్తు లేదు. భయమేసింది.

నైన్త్‌లో ఉండగా లాక్‌డౌన్ వచ్చి ఆన్‌లైన్ క్లాసుల కోసం నాన్న ఈ ఫోన్ అలవాటు చేశారు, అప్పటినుంచి వదల్లేదు. ఒక్కసారే వదిలాను, అదీ నా అంతట నేను కాదు. 2022 మే నెలలో అమలాపురంలో గొడవలు జరిగాక కోనసీమ అంతా ఇంటర్నెట్ ఆపేశారు కదా, అప్పుడు. వీడియో కాల్ లేదు కాబట్టి అమ్మ మామూలు కాల్ చేసేది, డబ్బులు ఎక్కువవుతాయని నాలుగు నిమిషాలే మాట్లాడేది. ఆ నాలుగు నిమిషాల్లో అమ్మ ఏం చెప్పిందో ఇప్పటికీ చెప్పగలను.

అసలు విషయం ఇది. కిందటి వరదలప్పుడు ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఉన్న రోజుల్లో, ఒక రాత్రి పది నలభైకి మా క్లాస్ గ్రూపులో వీడియో వచ్చింది. ఏటిగట్టుకి గండి పడి నీళ్లు పొలాల్లోకి దూకుతున్నాయి, వెనక ఒకాయన 'మన గట్టు తెగిపోయింది, లంకలవాళ్లు వెంటనే బయటికి రండి' అని అరుస్తున్నాడు. నేను వెంటనే మా ఇంటివాళ్ల గ్రూపుకి పంపాను, తర్వాత ఇంటర్ ఫ్రెండ్స్ గ్రూపుకి పంపాను. మావయ్య అది చూసి ఆ చీకట్లో, వానలో నాలుగు గేదెల్ని విప్పి గట్టుకి తోలుకెళ్లాడు. అమ్మమ్మ వెనకే నడుస్తూ గట్టు ఎక్కేచోట జారిపడింది, మణికట్టు విరిగింది. అమ్మ పని ముగించుకుని గ్రూపు చూసి మావయ్యకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఫోన్ ఇంట్లోనే వదిలేశాడు. నాకు చేస్తే 'నిజమేనేమోనమ్మా' అన్నాను. రాత్రంతా ఏడుస్తూనే ఉందట. తెల్లవారి చూస్తే ఎక్కడా గండి లేదు. ఆ వీడియో పాతది, మన వైపుది కూడా కాదు. నేను గ్రూపులో డిలీట్ కొట్టేశాను.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. లంకకి వెళ్లలేదు ఇంతవరకు. అన్ని యాప్‌లూ తీసేద్దామనుకుంటున్నాను, కానీ అమ్మతో మాట్లాడేది దాంట్లోనే. నేనేం చేయాలి?

జవాబు:

అమ్మాయ్, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అమ్మమ్మ చెయ్యి దగ్గర ఆగిపోయాను, రెండోసారి ఆ నాలుగు నిమిషాల దగ్గర. మూడోసారి చదివినప్పుడు మాత్రం నువ్వు రెండు కష్టాలుగా రాసినవి నాకు ఒక్కటిగా కనిపించాయి.

ముందు యాప్‌ల సంగతి. తీసేయమని నేను చెప్పను. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు నేను కోనసీమలోనే పాఠాలు చెబుతున్నాను, అద్దె ఇంట్లో తలుపుకి మంచం అడ్డం పెట్టి నలుగురం దాన్ని వీపులతో నొక్కిపట్టి కూర్చున్నాం. తెల్లవారి చూస్తే కొబ్బరితోటలు నేలకి ఒరిగిపోయి ఉన్నాయి. వెయ్యిమందికి పైగా పోయారు. పక్క మండలంలో ఉన్న మా పిన్ని బతికి ఉందో లేదో మూడో రోజుకి గానీ తెలియలేదు, దారికి అడ్డంగా చెట్లు, బస్సుల్లేవు, ఫోన్లు పలకవు. ఆ రాత్రి మా చేతిలో ఒక్క మెసేజ్ వచ్చే వస్తువు ఉంటే ఎంతమంది ముందే గట్టి ఇళ్లలోకి చేరేవారో అని ఇప్పటికీ అనుకుంటాను. మొన్న 2025 అక్టోబరులో మొంథా తుపాను ఇటువైపే తీరం దాటినప్పుడు ఎటు వెళుతోందో, ఎప్పుడు తాకుతుందో గంటగంటకీ ఇంట్లో కూర్చుని చూడగలిగాం, ఇది చిన్న మార్పు కాదు. వరద ఊళ్లో పుట్టినవాళ్లం, కబురు అందే దారిని మనం మూసుకోకూడదు.

ఇక నాకు ఒక్కటిగా కనిపించింది ఏమిటంటే, నీకు మనసు కంటే వేలు ముందు కదలడం అలవాటైంది. రెండున్నర గంటలు వేలు పైకి తోస్తూనే ఉంది, ఏం చూస్తున్నావో మనసుకి చేరలేదు, అందుకే రాయబోతే రెండే గుర్తొచ్చాయి. గండి వీడియో వచ్చిన రాత్రి కూడా అదే వేలు. రోజుకి 143 సార్లు ఎందుకు తెరిచానో అడక్కుండా తెరిచిన చెయ్యి, ఆ రాత్రి ఎందుకు పంపుతున్నానో మాత్రం ఆగి అడుగుతుందా?

నీ ఉత్తరంలో ఒక మాట ఉంది, నువ్వు గమనించకుండా రాసినట్టున్నావు. ఇంటివాళ్ల గ్రూపుకి పంపాను, 'తర్వాత' ఇంటర్ ఫ్రెండ్స్ గ్రూపుకి పంపాను అన్నావు. రెంటికీ ఒకేసారి ఎందుకు పంపలేదు? నా అంచనా చెబుతాను, ఆ వీడియో మీద రెండు బాణాల గుర్తు ఉండి ఉంటుంది. ఐదు చేతులు, అంతకంటే ఎక్కువ, మారి వచ్చిన మెసేజ్‌కి వాట్సాప్ ఆ గుర్తు వేస్తుంది, 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్కరికే, లేదా ఒక్క గ్రూపుకే పంపనిస్తోంది. అంతకుముందు 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు తిరుగుతున్నారని వదంతులు పుట్టి, దేశంలో చాలాచోట్ల ఏ పాపం తెలియనివాళ్లని జనం కొట్టి చంపారు, ఆ తర్వాతే మన దేశంలో ఫార్వర్డ్‌ని ఐదు చాట్‌లకి పరిమితం చేశారు. అంటే ఆ రాత్రి ఆ యాప్ నీ చెయ్యి పట్టుకుని ఒకసారి ఆపింది తల్లీ. నువ్వు వెనక్కి వచ్చి, ఇంకో గ్రూపు వెతికి, మళ్లీ నొక్కావు. నిన్ను బాధపెట్టాలని అనడం లేదు. ఆగడానికి చోటు దొరికింది, నీకు అది కనపడలేదు, అంతగా అలవాటైపోయింది అంటున్నాను.

ఇప్పుడు నన్ను ఎక్కువ కలిచివేసిన విషయానికి వస్తాను. గట్టు తెగిందని వీడియో వచ్చింది, లంక మునుగుతుందని నీకు భయం వేసింది. లంకలో ఎవరున్నారు? మావయ్య ఉన్నాడు. ఆ నంబరు నీ ఫోన్‌లోనే ఉంది. ఏటికి వందగజాల దూరంలో పడుకున్న మనిషి, రోజుకి నాలుగుసార్లు నీళ్లెక్కడిదాకా వచ్చాయో వెళ్లి చూసొచ్చే మనిషి. 'మావయ్యా, గట్టు ఎలా ఉంది?' అని ఒక్క ఫోన్ చేస్తే చాలు. కానీ గట్టు పక్కనున్న మనిషికి, ఎక్కడి గట్టో తెలియని వీడియోని నువ్వు పంపావు. ఆయన కూడా తన కళ్లని కాదని, మేనకోడలు పంపిన వీడియోని నమ్మాడు, ఎందుకంటే అది నీ పేరు మీద వచ్చింది. చదువుకున్న పిల్ల, ఊరికే పంపదు అనుకున్నాడు. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు పంపితే అమ్మమ్మని నిద్ర లేపేవాడా?

మా చిన్నప్పుడు వరదల రోజుల్లో ఎవరైనా పరుగెత్తుకొచ్చి ఫలానాచోట గండి పడిందంటే మా తాతగారు మొదట అడిగే మాట 'ఎవరు చూశారు?' అని. ఆ వచ్చినవాడు 'నేనే చూశానండి' అంటే గేదెల్ని విప్పేవారు, 'అనుకుంటున్నారండి' అంటే ఒక మనిషిని సైకిలు మీద పంపేవారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారినప్పుడు నిజంగానే గట్లు తెగాయి, ఆ నీళ్లు నేను చూశాను, అందుకే గండి అన్నమాట మనవాళ్ల గుండెలో ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. తేలిగ్గా పంపుకునే మాట కాదు అది. ఆ వీడియోలో ఊరు పేరుందా, టైము ఉందా, అరుస్తున్నాయన ఎవరో ఉందా? మూడింట్లో ఒక్కటీ లేకపోతే అది కబురు కాదు. నోటితో అరిచిన మాటని ఏ పాత వీడియో మీదైనా అతికించవచ్చు, నీ వయసు పిల్లలకి నేను నేర్పాల్సిన పని లేదు ఇది.

వరద లెక్క కూడా ఒకసారి నేర్చుకో, ఒక్క సాయంత్రం చాలు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, అప్పటికి సుమారు 10 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి వదులుతుంటారు. 13.75 అడుగులు, 13 లక్షలయితే రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలయితే మూడోది. పైన భద్రాచలం దగ్గర ఇవే 43, 48, 53 అడుగులు. అక్కడ పెరిగిన నీళ్లు మన దాకా రావడానికి గంటలు పడుతుంది, కాబట్టి పొద్దున్నే భద్రాచలం అంకె చూసినవాళ్లకి మన దగ్గర ఎలా ఉండబోతోందో కొంతైనా అర్థమవుతుంది. 2022 జులైలో 25 లక్షలు దాటి వచ్చినప్పుడు ఈ అంకెలు చూసుకునే జనం ముందే సామాన్లు సర్దుకున్నారు. వరద రోజుల్లో ఇవి పేపర్లో జిల్లా పేజీలో వస్తాయి, అధికారులు గంటగంటకీ చెబుతారు. మొదటి హెచ్చరిక అంటే లంకలవాళ్లు జాగ్రత్తగా ఉండాలి అన్నమాటే గానీ, గట్లు తెగే నీరు అని కాదు. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఆ వీడియో చూడగానే నీకు అనుమానం వచ్చేది. ఇకనుంచి ఇంటివాళ్ల గ్రూపులో వరదొచ్చినప్పుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ అంకె పెట్టే పని నువ్వు తీసుకో. అమ్మ కువైట్‌లో ఉండి వరద గురించి భయపడేది కబురు లేక. ఆ కబురు నీ చేతి మీదుగా సరిగ్గా వెళ్లనీ.

రీల్స్ గుర్తుండకపోవడం గురించి అంత భయపడకు, నీ బుర్రకి ఏ జబ్బూ రాలేదు. పూర్వం ఇంటర్నెట్‌లో ఏ పేజీకైనా కింద ఒక చివర ఉండేది, తర్వాతి పేజీ కావాలంటే నొక్కాలి, ఆ నొక్కే ముందు మనసు ఒక క్షణం ఆగేది. 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ చివర లేకుండా చేశాడు, కిందికి వెళ్లేకొద్దీ ఇంకా వస్తూనే ఉంటుంది. తర్వాత ఆయనే దాని గురించి బాధపడుతూ బహిరంగంగా మాట్లాడాడు. మన కాలువలకి లాకులున్నాయి, ఎక్కడికక్కడ నీళ్లు ఆగి, ఎంత కావాలో అంత దిగుతాయి, అలా ఉండబట్టే సార్వా, దాళ్వా రెండు పంటలూ పండుతున్నాయి. నువ్వు చూసే ఫీడ్‌కి లాకు లేదు. ఇంకోటి కూడా చూడు, 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని మన దేశంలో నిషేధించారు, నెల తిరక్కుండా జులైలోనే ఇన్‌స్టాలో రీల్స్ వచ్చాయి, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్‌ని ప్రపంచంలో మొదట మన దేశంలోనే మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే నీ చేతికి క్లాసుల కోసం ఫోన్ వచ్చింది. పధ్నాలుగేళ్ల పిల్ల, తల్లి దూరదేశంలో, బడి మూతపడి ఉంది. తప్పంతా నీదే అని నేను ఎలా అంటాను?

ఆ 143 సార్లలో ఎప్పుడెప్పుడు ఎక్కువో నువ్వు రాయలేదు, నేను ఊహిస్తాను. కువైట్ మన కంటే రెండున్నర గంటలు వెనక. అమ్మ అక్కడ తొమ్మిదింటికి పని ముగిస్తే మనకి పదకొండున్నర. నాన్న, నాన్నమ్మ పడుకుంటారు, నువ్వు ఒక్కదానివే ఆ ఫోన్ పట్టుకుని అమ్మ కాల్ కోసం ఎదురుచూస్తూ మేలుకుంటావు. ఎదురుచూసేటప్పుడు చెయ్యి ఊరుకోదు. గండి వీడియో పది నలభైకి వచ్చిందన్నావు, అంటే అమ్మ ఫోన్‌కి ఇంకా యాభై నిమిషాలుంది. నీ అలవాటు పెరిగింది ఆ ఎదురుచూపులోనే అని నాకు అనిపిస్తోంది, అందుకే దాన్ని తిట్టబుద్ధి కావడం లేదు.

కాబట్టి చేయాల్సింది అక్కడే చెయ్యి. వాట్సాప్‌లో అమ్మ నంబరుకి ఇంకెవరికీ లేని రింగ్‌టోన్ పెట్టు. ఇన్‌స్టా, యూట్యూబ్ నోటిఫికేషన్లు మొత్తం ఆపెయ్. భోజనాలయ్యాక ఫోన్ సౌండ్ పెంచి హాల్లో గూట్లో పెట్టేసి నువ్వు వేరేచోట కూర్చో. చదువుకో, నాన్నమ్మ కాళ్లకి నూనె రాయి, లేదా పడుకో. అమ్మ ఫోన్ చేస్తే మోగుతుంది, లేచి వెళతావు. మొదటి నాలుగు రోజులు చాలా కష్టంగా ఉంటుంది, చెయ్యి గూటి వైపు లాగుతుంది, మోగిందేమో అనిపిస్తుంది. వారానికి తగ్గుతుంది. 2022లో నెట్ ఆగినప్పుడు కూడా నీకు మొదటి రెండు రోజులే ఎక్కువ కష్టంగా ఉండి ఉంటుంది, గుర్తు తెచ్చుకో. చదువు కోసం యూట్యూబ్ కావాలంటే వాచ్ హిస్టరీని ఆపి పాతది తుడిచెయ్, హోమ్ పేజీ దాదాపు ఖాళీ అయిపోతుంది, నువ్వు వెతికిందే వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉన్నచోట, నువ్వు ఆ 143 చూసింది అక్కడే అయి ఉంటుంది, ఇన్‌స్టాకి రోజుకి ఇంత అని టైమర్ పెట్టుకోవచ్చు. అది సాయమే గానీ దాటేయడం సులువు, దాని మీదే ఆధారపడకు.

నోట్సు రాయడం మానకు. లెక్చరర్ గారు వారం అన్నారు, నువ్వు నెల రాయి. మంచి పని అప్పజెప్పారాయన. కాకపోతే ఎన్ని నిమిషాలు అని కాదు, ఫోన్ తెరిచేముందు ఎందుకు తీశావో ఒక్క మాట రాయి. 'బస్సు టైము', 'అమ్మ ఫొటో', 'నోట్సు కోసం', 'ఏమీ లేదు'. ఏమీ లేదు అని రాయాల్సి వచ్చినప్పుడు నిజాయితీగా అదే రాయి. నువ్వు గమనిస్తావు, ఆ మాట రాయడానికి పెన్ను మూత తీసేలోపు సగంసార్లు ఫోన్ మళ్లీ కింద పెట్టేస్తావు.

ఆ నాలుగు నిమిషాలు ఎందుకు గుర్తున్నాయో కూడా ఆలోచించు. అమ్మ ఏం చెబుతుందా అని చెవి ఒగ్గి విన్నావు, ఇంకో కాల్ రాదని తెలుసు. ఇప్పుడు రోజూ గంట వీడియో కాల్ మాట్లాడతావేమో, ఆ గంటలో ఎన్నిసార్లు వేరే మెసేజ్ చూస్తావు? అమ్మకి అక్కడ అలిసిపోయిన ఒళ్లు, నిద్ర మానుకుని నీ ముఖం చూస్తోంది. నువ్వు స్క్రీన్ మీద వేరేది చూస్తుంటే అమ్మకి తెలిసిపోతుందమ్మా. మా అబ్బాయి బయటి దేశంలో ఉంటాడు, వాడు మాట్లాడుతూ కళ్లు పక్కకి తిప్పితే నాకు తెలుస్తుంది, వాడికి చెప్పను.

ఇక క్షమాపణ. గ్రూపులో డిలీట్ చేశావు, అది సరిపోదు. డిలీట్ చేస్తే వీడియో పోయింది, ఎవరు పంపారో, ఎందుకు పంపారో అన్నది అందరి మనసులో అలాగే ఉంది, అందుకే ఎవరూ ఏమీ అనడం లేదు. అదే గ్రూపులో నీ గొంతుతో చెప్పు, వాయిస్ మెసేజ్ పెట్టు. 'ఆ రాత్రి గండి వీడియో పంపింది నేనే, కనుక్కోకుండా పంపాను, అది అబద్ధం, అమ్మమ్మకి దెబ్బ తగిలింది నా వల్లే, ఇకనుంచి మావయ్యని అడక్కుండా వరద గురించి ఏదీ పెట్టను.' ఇంతే. భయంతో పంపాను, అందరూ పంపుతున్నారు అని కలపకు. ఇంటర్ ఫ్రెండ్స్ గ్రూపులో కూడా ఇదే పెట్టు, వాళ్లలో ఎంతమంది దాన్ని వాళ్ల ఇళ్లకి పంపారో మనకి తెలియదు, లంకల్లో చుట్టాలున్నది నీ ఒక్కదానికే కాదు. నీ క్లాస్ గ్రూపులో దాన్ని మొదట పెట్టినవాళ్లని నలుగురిలో నిలదీయకు, విడిగా చెప్పు.

అమ్మతో మాత్రం మెసేజ్‌లో వద్దు. ఫోన్‌లో, నువ్వే చెప్పు. 'నిజమేనేమో' అన్నావే, ఆ మాట అమ్మని రాత్రంతా కూర్చోబెట్టింది. తన తల్లి నీళ్లలో ఉందనుకుంది, పరాయి ఇంట్లో పైకి ఏడవడానికి కూడా లేదు. ఆవిడ నిన్ను తిట్టకపోవచ్చు. తిట్టకపోయినా చెప్పు.

లంకకి ఈ ఆదివారమే వెళ్లు. వరద తగ్గాక రేవు దగ్గర బురద మోకాలి దాకా ఉంటుంది, చెప్పులు చేత్తో పట్టుకుని జాగ్రత్తగా దిగు, చివరి పడవ ఎన్నింటికో ముందే కనుక్కో. అమ్మమ్మకి కట్టు విప్పేదాకా జడ వేసుకోవడం కుదరదు, మావయ్య చేత వేయించుకోలేదు, ఎవరు వేస్తున్నారో ఏమో. వెళ్లగానే నూనె రాసి జడ వెయ్యి. మావయ్య గేదెల్ని కడగడానికి ఏటికి వెళ్లేటప్పుడు నువ్వు కూడా వెళ్లి, ఆ రాత్రి ఏ దారిన గట్టు ఎక్కారో చూపించమను. అమ్మమ్మ ఏమందో నాకు రాయి.